సెన్సర్ నెట్‌వర్క్‌కు కేంద్ర కంట్రోలర్: లాభమెంత, ఖర్చెంత?

సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ నెట్‌వర్కింగ్, పొట్టిగా ఎస్‌డీఎన్, పుట్టింది తీగల ప్రపంచంలో. మామూలు స్విచ్‌లోనో రూటర్‌లోనో రెండు పనులు కలగలిసి ఉంటాయి. ప్యాకెట్, అంటే ఒక డేటా ముక్క, ఎటు పోవాలో తేల్చడం ఒకటి, తేల్చినదాని ప్రకారం దాన్ని అటు పంపెయ్యడం రెండోది. 2008లో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన నిక్ మెకియోన్, మరికొందరు పరిశోధకులు ప్రతిపాదించిన ఓపెన్‌ఫ్లో ఈ రెండు పనుల్నీ విడదీసింది. ఆలోచించే పని మొత్తం కంట్రోలర్ అనే ప్రోగ్రామ్‌కి అప్పగించారు. స్విచ్ దగ్గర మిగిలింది ఫ్లో టేబుల్ అనే ఒక పట్టిక. ‘ఇలాంటి ప్యాకెట్ వస్తే ఇలా చెయ్యి’ అనే రూల్స్ అందులో ఉంటాయి. పట్టికలో ఏ రూల్‌కీ సరిపోలని ప్యాకెట్ వస్తే స్విచ్ కంట్రోలర్‌ని అడుగుతుంది, కంట్రోలర్ కొత్త రూల్ పంపుతుంది.

డేటా సెంటర్లలో ఇది బాగా పనికొచ్చింది. అది చూసి వైర్‌లెస్ సెన్సర్ నెట్‌వర్క్‌ల మీద పనిచేసేవాళ్లకు ఆశ పుట్టడంలో ఆశ్చర్యం లేదు. సెన్సర్ నెట్‌వర్క్ అంటే చిన్న చిన్న పరికరాల గుంపు. ఒక్కో పరికరంలో, అంటే నోడ్‌లో, ఒకట్రెండు సెన్సర్లు, ఒక మైక్రోకంట్రోలర్, ఒక రేడియో, బ్యాటరీ ఉంటాయి. రేడియో అందే దూరం తక్కువ. అందుకే ఒక నోడ్ కొలిచిన విలువ పక్క నోడ్‌కీ, అక్కడి నుంచి దాని పక్కదానికీ అందుతూ చివరికి సింక్ అనే సేకరణ కేంద్రానికి చేరుతుంది.

ఈ నెట్‌వర్క్‌లతో ఎప్పటినుంచో ఒక తలనొప్పి ఉంది. ఏ పని కోసం బిగించారో నోడ్లు ఆ ఒక్క పనికే అతుక్కుపోతాయి. డేటా వెళ్లే దారి, కొలతల వేగం, నిద్రపోయే వేళలు అన్నీ ఫర్మ్‌వేర్‌లో, అంటే నోడ్‌లో ఎక్కించిన ప్రోగ్రామ్‌లో, ముందే రాసిపెట్టినవే. ఏదైనా మార్చాలంటే ప్రోగ్రామ్ మొత్తం మార్చాలి. 2004లో వచ్చిన డెల్యూజ్ లాంటి ప్రోటోకాల్స్ రేడియో మీదుగానే కొత్త ప్రోగ్రామ్‌ని అన్ని నోడ్లకూ పంచిపెట్టగలిగాయి. కానీ 40 కిలోబైట్ల ప్రోగ్రామ్‌ని వంద బైట్ల ముక్కలు చేస్తే 400 ప్యాకెట్లు. ప్రతి నోడ్ అవన్నీ వినాలి, చాలా నోడ్లు పక్కవాటికి మళ్లీ వినిపించాలి. దాని బదులు ఒక రూల్ మారిస్తే చాలు, ఒకటో రెండో ప్యాకెట్లతో పని అయిపోతుంది అంటే ఎవరికి చేదు? 2012లో టై లువో, హ్వీ పింక్ టాన్, టోనీ క్వెక్ ప్రతిపాదించిన సెన్సర్ ఓపెన్‌ఫ్లో ఈ ఆశతోనే వచ్చింది.

అయితే తీగల నెట్‌వర్క్‌లో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక ఖర్చు ఇక్కడ లెక్క మొత్తాన్ని తారుమారు చేస్తుంది. అది కంట్రోలర్‌తో మాట్లాడటానికి అయ్యే ఖర్చు. ఈ రంగంలో సమర్థ నిర్వహణ పేరుతో జరిగే పనిలో చాలా భాగం, నా ఉద్దేశంలో, ఆ మాటల్ని తగ్గించడం గురించే.

రేడియో ఆన్ చేస్తే చాలు, బ్యాటరీ కరిగిపోతుంది

పరిశోధకులు ఏళ్ల తరబడి వాడిన టెలోస్‌బీ అనే నోడ్‌ని తీసుకుందాం. దాని ర్యామ్ 10 కిలోబైట్లు, ప్రోగ్రామ్ కోసం ఫ్లాష్ మెమరీ 48 కిలోబైట్లు. సీసీ2420 అనే రేడియో చిప్, రెండు డబుల్ ఏ బ్యాటరీలు. ఈ రేడియో పూర్తి శక్తితో పంపేటప్పుడు దాదాపు 17.4 మిల్లీయాంపియర్లు తీసుకుంటుంది. వినేటప్పుడు 18.8. అంటే మాట్లాడటం కన్నా చెవి ఒగ్గి కూర్చోవడానికే ఎక్కువ ఖర్చు! బ్యాటరీ సామర్థ్యం 2500 మిల్లీయాంపియర్ అవర్స్ అనుకుంటే, రేడియో ఎప్పుడూ ఆన్‌లోనే ఉన్న నోడ్ అయిదున్నర రోజుల్లో ఆగిపోతుంది. నూటికి ఒక వంతు సమయమే ఆన్‌లో ఉంచితే, మిగతా ఖర్చులు పక్కన పెట్టి చూస్తే, ఏడాదిన్నర వస్తుంది. ఈ నెట్‌వర్క్‌లలో నోడ్లు ఎక్కువసేపు నిద్రలో ఉండేది ఇందుకే. నిద్రలో ఉన్న నోడ్‌కి కంట్రోలర్ చెప్పేది వినపడదు. మేలుకునే దాకా ఆగాలి, లేదా అది మేలుకునే సమయం ముందే తెలిసి ఉండాలి.

ప్యాకెట్ సైజుది ఇంకో ఇరకాటం. వీటిలో ఎక్కువ భాగం వాడే ఐఈఈఈ 802.15.4 రేడియో ప్రమాణంలో ఒక ఫ్రేమ్, అంటే రేడియో ఒక్కసారికి పంపే ముక్క, 127 బైట్లకు మించకూడదు. 2.4 గిగాహెర్ట్జ్‌లో వేగం సెకనుకు 250 కిలోబిట్లు. ఆ 127లోనే అడ్రస్‌లు, హెడర్లు, భద్రత కోసం చేర్చే బైట్లు అన్నీ పోవాలి. ఇప్పుడు ఓపెన్‌ఫ్లో 1.0 తీరు చూడండి. పట్టికలో రూల్ చేర్చే సందేశం, అందులో ఏం చెయ్యాలో ఒక్క మాట కూడా రాయకముందే, 72 బైట్లు. పైగా అది ఇంటర్నెట్‌లో డేటా భద్రంగా చేరేట్టు చూసే టీసీపీ ప్రోటోకాల్ మీద నడుస్తుంది. టీసీపీకి ప్యాకెట్ పోతే దారిలో రద్దీ ఉందని అనుమానం. వెంటనే వేగం తగ్గించేస్తుంది. రేడియోలో ప్యాకెట్లు పోవడానికి రద్దీయే ఉండనక్కర్లేదు. పక్కన ఒక వైఫై రూటర్ ఉన్నా చాలు. కాబట్టి ఓపెన్‌ఫ్లోని ఉన్నదున్నట్టు తెచ్చి ఇక్కడ పెట్టడం కుదరదన్న విషయంలో ఎవరికీ పేచీ లేదు.

అసలు చిక్కు ఇంకొకటుంది. డేటా సెంటర్‌లో కంట్రోలర్ మాటలకు విడిగా ఒక తీగ వేసుకోవచ్చు. సెన్సర్ నోడ్‌కి ఉన్నది ఒకటే రేడియో. కంట్రోల్ సందేశాలూ డేటా ప్యాకెట్లూ అదే గాలిలో, అదే బ్యాటరీతో, అదే నోడ్ల మీదుగా వెళ్లాలి. ఒక్కో హాప్‌లో, అంటే ఒక నోడ్ నుంచి పక్క నోడ్‌కి వేసే ఒక్కో గెంతులో, పదింట తొమ్మిది ప్యాకెట్లు చేరతాయి అనుకుందాం. మళ్లీ పంపే ఏర్పాటు లేకపోతే అయిదు హాప్‌లు దాటేసరికి చేరేవి నూటికి 59. ప్రశ్న వెళ్లి జవాబు వెనక్కి రావాలంటే పది హాప్‌లు. అప్పుడు నూటికి 35 కూడా దక్కవు. మళ్లీ మళ్లీ పంపి దీన్ని సరిచేయొచ్చు. ఆ ప్రతి ‘మళ్లీ’కీ కరెంటు కావాలి.

ఒక్క కొలతకు ముప్ఫయ్ సందేశాలు

సింక్‌కి అయిదు హాప్‌ల దూరంలో ఒక నోడ్ ఉంది. అయిదు నిమిషాలకోసారి ఉష్ణోగ్రత పంపుతుంది. నెట్‌వర్క్‌లో ఎస్‌డీఎన్ పెట్టాం, ఏ రూల్ అయినా 60 సెకన్లు వాడకపోతే చెరిగిపోతుంది. డేటా సెంటర్‌లో ఇది మంచి అలవాటే, పాత రూల్స్ పేరుకుపోకుండా ఉంటాయి. ఇక్కడ ఏమవుతుందో చూడండి.

నోడ్ ప్యాకెట్ పంపబోతుంది. పట్టికలో రూల్ లేదు, ఎప్పుడో చెరిగిపోయింది. కంట్రోలర్ సింక్ దగ్గరే ఉందనుకుంటే, ప్రశ్నకు అయిదు ప్రసారాలు, జవాబుకు అయిదు. రూల్ వచ్చింది, ప్యాకెట్ ఒక హాప్ ముందుకు కదిలింది. ఆ నోడ్ దగ్గరా రూల్ లేదు. అక్కడి నుంచి నాలుగూ నాలుగూ ఎనిమిది. తర్వాతి నోడ్‌కి ఆరు, దాని తర్వాత నాలుగు, ఆఖరిదానికి రెండు. మొత్తం 30 కంట్రోల్ ప్రసారాలు. ఇవన్నీ అయిదు ప్రసారాలతో పోయే ఒక్క కొలత కోసం! పైగా అయిదు నిమిషాల తర్వాత ఇదంతా మళ్లీ మొదటినుంచీ.

దీనికి మందు ఉంది. ఇటలీలోని కటానియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2015లో ప్రచురించిన ఎస్‌డీఎన్‌వైజ్‌లో దారి మొత్తాన్ని ఒకే ప్యాకెట్‌లో రాసి పంపే పద్ధతి ఉంది. ఆ ప్యాకెట్ ఏ నోడ్ల మీదుగా వెళ్తే వాటన్నిటిలో రూల్ రాసేస్తూ పోతుంది. మన ఉదాహరణలో 30 కాస్తా 10కి దిగుతుంది. ఆ పైన రూల్ గడువుని నోడ్ రిపోర్టు చేసే వ్యవధి కన్నా ఎక్కువ పెట్టి, రూల్ వాడిన ప్రతిసారీ గడువు తిరిగి మొదలయ్యేట్టు చూసుకుంటే ఆ 10 కూడా ఒక్కసారికే. 2018లో మైకేల్ బాడ్లీ బృందం కాంటికి ఆపరేటింగ్ సిస్టమ్ మీద కట్టిన మైక్రోఎస్‌డీఎన్ సరిగ్గా ఇలాంటి పొదుపుల మీదే నిలబడింది. కంట్రోల్ సందేశం ముక్కలవకుండా ఒకే ఫ్రేమ్‌లో పట్టేట్టు కుదించడం, ఒకే ప్రశ్నని నోడ్ పదేపదే అడగకుండా ఆపడం, గడువుల్ని వాడకంతో పొడిగించడం. చదవడానికి చిన్న చిన్న సర్దుబాట్లలా ఉంటాయి. నెట్‌వర్క్ నడుస్తుందా కూలుతుందా అనేది వీటి మీదే ఉంటుంది.

గడువు పెంచితే మెమరీ అడ్డొస్తుంది. ఒక్కో రూల్‌కి 40 బైట్లు వేసుకున్నా 50 రూల్స్‌కి 2 కిలోబైట్లు. పది కిలోబైట్ల ర్యామ్‌లో అది అయిదో వంతు. ఆపరేటింగ్ సిస్టమ్, ప్యాకెట్ బఫర్లు, పక్క నోడ్ల పట్టిక తీసుకోగా మిగిలినదాంట్లోనే ఇది ఇమడాలి. అందుకే ఇక్కడ గమ్యానికో రూల్ రాయడం కన్నా, ఒకే రూల్ ఎక్కువ ప్యాకెట్లకు సరిపోయేట్టు రాయడం మేలు.

ఎస్‌డీఎన్‌వైజ్‌లో నాకు ఎక్కువ నచ్చింది వేరే ఉంది. అందులో రూల్స్‌కి స్థితి అనేది ఉంటుంది. ఇప్పటిదాకా ఏం జరిగిందో గుర్తుపెట్టుకుని, దాన్నిబట్టి తర్వాత వచ్చే ప్యాకెట్‌ని ఏం చెయ్యాలో నోడే తేల్చుకోగలదు. ప్యాకెట్ లోపలి విలువను కూడా రూల్ పరిశీలించగలదు. ‘ఉష్ణోగ్రత ఫలానా హద్దు దాటితేనే పొగ సెన్సర్ ప్యాకెట్లను ముందుకు పంపు, లేకపోతే ఇక్కడే ఆపు’ అని ఒకసారి చెప్పి వదిలేస్తే చాలు. హద్దు దాటినప్పుడల్లా కంట్రోలర్‌ని అడగక్కర్లేదు. ఓపెన్‌ఫ్లో తొలి రూపం ఇచ్చింది ‘చెప్పింది చెయ్యి’ అనే పట్టికని. ఇక్కడ నోడ్ చేతికి ఒక చిన్న నిర్ణయ యంత్రమే దక్కింది. పంపకుండా ఆగిపోయిన ప్యాకెట్ కన్నా చవకైన ప్యాకెట్ ఉండదు కదా.

కంట్రోలర్‌కి ఎంత తెలియాలి?

కేంద్రంలో కూర్చుని మంచి నిర్ణయాలు తీసుకోవాలంటే కంట్రోలర్‌కి నెట్‌వర్క్ పరిస్థితి తెలియాలి. ఏ నోడ్‌కి ఎవరు పొరుగు, లింక్ ఎంత గట్టిగా ఉంది, ఎవరి దగ్గర బ్యాటరీ ఎంత మిగిలింది. ఈ సమాచారం నోడ్లే పంపాలి. వంద నోడ్లు, సగటున అయిదు హాప్‌లు, ప్రతి 30 సెకన్లకూ పొరుగు పట్టిక పంపాలనుకుందాం. నిమిషానికి వెయ్యి ప్రసారాలు. అదే వంద నోడ్లు అయిదు నిమిషాలకోసారి పంపే అసలు డేటాకి నిమిషానికి వంద. నెట్‌వర్క్ గురించి తెలుసుకోవడానికి, నెట్‌వర్క్ చేసే పనికి పది రెట్లు ఖర్చు పెడుతున్నామన్నమాట.

భారం అందరి మీదా సమానంగా పడినా కొంత నయం. సింక్ పక్కనున్న నోడ్లు తమ మాటలతో పాటు వెనకున్న అందరి మాటలూ మోస్తాయి. అందరికన్నా ముందు బ్యాటరీ అయిపోయేది వాటికే. అవి పోతే వెనక నోడ్లు ఎంత ఆరోగ్యంగా ఉన్నా సింక్‌కి ఏమీ చేరదు. కంట్రోలర్ వచ్చిందే ఈ అసమానతను సరిచేస్తానని. దాని రిపోర్టులే ఆ నోడ్లను ముంచితే మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టే.

గడియారం చూసి రిపోర్టు పంపడం మానేసి, మార్పు వచ్చినప్పుడే పంపడం మొదటి మెట్టు. మార్పు అంటే ఏమిటో కూడా జాగ్రత్తగా తేల్చాలి. రేడియో లింక్ బలం ఊరికే పైకీ కిందకీ ఊగుతుంటుంది. మనిషి నడిచి వెళ్లినా, తలుపు తీసినా మారుతుంది. ప్రతి ఊగిసలాటనీ మార్పు అనుకుంటే మళ్లీ మొదటికే వస్తాం. అందుకని ఒక హద్దు దాటి, కొంతసేపు అలాగే నిలిచిన మార్పునే రిపోర్టు చేయించాలి. బ్యాటరీ స్థాయిని విడి ప్యాకెట్‌గా కాకుండా, ఎలాగూ వెళ్లే డేటా ప్యాకెట్‌లో ఒక బైట్‌గా కలిపి పంపొచ్చు. బ్యాటరీ గురించి అసలు అడగకుండా కూడా చాలావరకు ఊహించొచ్చు. ఒక నోడ్ మీదుగా ఎన్ని ప్యాకెట్లు వచ్చాయో, దాని నిద్ర వేళలేమిటో కంట్రోలర్‌కి తెలుసు. ఆ లెక్కతో అంచనా వేసుకుని, అంచనా తప్పిందని నోడ్‌కి అనిపించినప్పుడే అది నోరు విప్పితే సరిపోతుంది. కంట్రోలర్ దగ్గర కరెంటుకి కొదవ లేదు, లెక్కలు అక్కడ వేసుకోవడానికి ఇబ్బందేమిటి?

పొదుపుగా మాట్లాడటం సెన్సర్ నెట్‌వర్క్‌లకు కొత్త విద్య కాదు. 2011లో ఇంటర్నెట్ ప్రమాణంగా వచ్చిన ట్రికిల్ అల్గారిథమ్ చేసేది అదే. చుట్టుపక్కల వాళ్లు తన దగ్గరున్న సమాచారాన్నే చెబుతుంటే నోడ్ మౌనంగా ఉండిపోతుంది, మాటకీ మాటకీ మధ్య వ్యవధిని రెట్టింపు చేసుకుంటూ పోతుంది. తేడా వినిపించగానే వ్యవధిని కనిష్ఠానికి తెచ్చి గబగబా మాట్లాడుతుంది.

పూర్తిగా కేంద్రీకరించడం కుదరదు

ఇక్కడ చాలామంది దాటేసే ప్రశ్న ఒకటుంది. నోడ్‌కి దారి చెప్పేది కంట్రోలర్ అయితే, కంట్రోలర్‌ని చేరుకునే దారి నోడ్‌కి ఎవరు చెబుతారు? విడిగా తీగ లేదు కాబట్టి ఏదో ఒక స్థానిక ప్రోటోకాల్ ముందు సింక్ దాకా దారి వేసిపెట్టాలి. ఎస్‌డీఎన్‌వైజ్‌లో సింక్ నుంచి వ్యాపించే బీకన్లు అనే చిన్న ప్రకటన ప్యాకెట్లు ఆ పని చేస్తాయి. ఎవరికి సింక్ ఎన్ని హాప్‌ల దూరమో వాటితో తెలుస్తుంది. మైక్రోఎస్‌డీఎన్ అయితే 2012 నాటి ఆర్‌పీఎల్ రూటింగ్ ప్రోటోకాల్‌ని అడుగున అలాగే ఉంచుకుంది. అంటే ఏ కంట్రోలర్ అయినా తనకన్నా ముందున్న ఒక వికేంద్రీకృత వ్యవస్థ భుజాల మీద కూర్చోవాల్సిందే.

ఇందులో చిన్నతనమేమీ లేదు. నిజానికి కేంద్రీకరణ ఈ రంగానికి ఎస్‌డీఎన్ తెచ్చిన కానుక కూడా కాదు. ఫ్యాక్టరీల కోసం 2007లో వచ్చిన వైర్‌లెస్‌హార్ట్‌లో నెట్‌వర్క్ మేనేజర్ అనే కేంద్రం దారులు లెక్కగట్టి, 10 మిల్లీసెకన్ల స్లాట్లలో ఎవరు ఎప్పుడు ఏ ఛానల్‌లో మాట్లాడాలో నిర్ణయిస్తుంది. ఆర్‌పీఎల్‌లోని నాన్‌స్టోరింగ్ విధానంలో కూడా కింది నోడ్లకు వెళ్లే దారులన్నీ రూట్ నోడే లెక్కవేసి ప్యాకెట్ హెడర్‌లో రాస్తుంది. పేరు పెట్టలేదు గానీ ఇవి సగం ఎస్‌డీఎన్‌లే.

ఏ పని కేంద్రానికి ఇవ్వాలి, ఏది నోడ్‌కి వదలాలి అన్నదే నిర్వహణలో అసలు నిర్ణయం. నా మటుకు కొలబద్ద సమయం. సెకన్లలో జరగాల్సినదాన్ని నోడ్‌కి వదిలెయ్యాలి: పోయిన ప్యాకెట్‌ని మళ్లీ పంపడం, పక్క లింక్ తెగితే రెండో పొరుగుకి మళ్లడం లాంటివి. కంట్రోలర్‌కి కబురు వెళ్లి జవాబు వచ్చేలోపు ఆ లింక్ మళ్లీ అతుక్కున్నా అతుక్కోవచ్చు. నిమిషాలు, గంటల్లో మారేవి కంట్రోలర్‌కి ఇవ్వాలి: ట్రాఫిక్‌ని నలుగురికీ పంచడం, ఒకే చోటును కొలుస్తున్న నోడ్లలో కొన్నింటిని నిద్రపుచ్చడం, ప్రసార శక్తిని తగ్గించడం, కొలతల వేగం మార్చడం. దారులు వెయ్యడం కన్నా ఈ చివరి పనుల్లోనే కంట్రోలర్‌కి ఎక్కువ విలువ ఉంది. ఎందుకంటే ఒక నోడ్‌కి తన చుట్టుపక్కల తప్ప కనపడదు. తన కొలత ఇంకొకరి కొలతకు నకలు అన్న సంగతి దానికి తెలిసే అవకాశమే లేదు.

కంట్రోలర్ చచ్చిపోతే? రూల్స్ గడువు తీరాక నోడ్లు అడుగున ఉన్న ప్రోటోకాల్‌కి మళ్లిపోవాలి. పని కాస్త మందకొడిగా సాగినా ఆగకూడదు. సావోపాలో విశ్వవిద్యాలయంలో 2014లో రూపొందిన టైనీఎస్‌డీఎన్ ఒకటికి మించి కంట్రోలర్లకు చోటిచ్చింది. నోడ్‌కి దగ్గరలో ఒక కంట్రోలర్ ఉంటే ప్రశ్న, జవాబుల హాప్‌లు కూడా తగ్గుతాయి. కాకపోతే కంట్రోలర్ల మధ్య పొందిక ఉంచడం ఇంకో పని.

రూల్స్ మార్చే వరస గురించి కూడా చెప్పుకోవాలి. ప్యాకెట్ పాత దారిలో వెళ్తుండగా సగం నోడ్లకు కొత్త రూల్, సగానికి పాతది ఉంటే అది రెండు నోడ్ల మధ్య చక్కర్లు కొట్టొచ్చు. తీగల్లో ఆ చక్కర్లు రెప్పపాటులో ముగుస్తాయి. కిందికి పంపిన రూల్ దారిలో పోయే అవకాశం ఉన్న చోట అవి చాలాసేపు సాగి బ్యాటరీలు తాగేస్తాయి. అందుకే కొత్త దారిని సింక్ వైపు నుంచి వెనక్కి రాసుకుంటూ రావాలి. ముందున్న నోడ్ ‘నాకు అందింది’ అన్నాకే వెనక నోడ్‌కి రూల్ వెళ్లాలి. నిదానమే, కానీ ప్యాకెట్ ఎప్పుడూ తయారుగా ఉన్న దారిలోనే అడుగు పెడుతుంది.

భద్రత మీద ఒక్క మాట. కంట్రోలర్ నోడ్ల మాట నమ్మి నిర్ణయాలు తీసుకుంటుంది. ఒక నోడ్ లేని పొరుగును ఉన్నట్టు చెబితే ట్రాఫిక్ మొత్తం దాని చేతికి పోతుంది. దొంగ ప్రశ్నలతో ముంచెత్తితే నెట్‌వర్క్ ఊపిరాడదు. 802.15.4లో ఉన్న ఏఈఎస్ 128 ఎన్‌క్రిప్షన్ బయటివాళ్లను ఆపుతుంది గానీ, తాళంచెవి ఉన్న నోడే అబద్ధమాడితే ఏమీ చెయ్యలేదు.

ఈ మధ్యకాలంలో నాకు ఆసక్తి కలిగించిన దారి కంట్రోల్ సందేశాల్ని రూట్ చెయ్యడమే మానెయ్యడం. 2011లో ఈటీహెచ్ జ్యూరిక్‌లో పుట్టిన గ్లాసీలో ప్యాకెట్ విన్న నోడ్లన్నీ ఒకే క్షణంలో దాన్ని తిరిగి ప్రసారం చేస్తాయి. గొడవ గొడవ అవ్వాలి కదా? సమయం మైక్రోసెకను లోపు కుదిరితే ఆ ప్రసారాలు ఒకదాన్నొకటి చెడగొట్టుకోవు. కొన్ని మిల్లీసెకన్లలో నెట్‌వర్క్ అంతటికీ ప్యాకెట్ చేరిపోతుంది, దారులూ పట్టికలూ అక్కర్లేదు. 2019లో వచ్చిన అటామిక్ ఎస్‌డీఎన్ ఈ ఉపాయాన్ని కంట్రోల్ సందేశాలకు వాడింది. నిర్ణీత వేళల్లో కాసేపు కంట్రోల్ మాటలు, మిగతా సమయం డేటాకి. కంట్రోలర్‌కి ఎలా చేరుకోవాలన్న ప్రశ్నే అక్కడ ఉండదు.

ఇదంతా ఎవరికి లాభం? ఒకే పని, ఏళ్లతరబడి మారని ఏర్పాటు, గంటకో కొలత అయితే కంట్రోలర్ వల్ల ఒరిగేది తక్కువ. మామూలు ఆర్‌పీఎల్ చాలు. ఒకే నోడ్లను రెండు మూడు అప్లికేషన్లు పంచుకుంటున్నప్పుడు, అవసరాలు తరచూ మారుతున్నప్పుడు, ఇన్ని మిల్లీసెకన్లలో చేరాలన్న పట్టింపు ఉన్నప్పుడు కథ వేరు. ఏదైనా ఎస్‌డీఎన్ పద్ధతి ఇంత శక్తి ఆదా చేస్తుందని కనిపిస్తే నేను ముందు వెతికేది కంట్రోల్ ప్యాకెట్ల ఖర్చును కూడా అందులో కలిపారా అని. ఆ తర్వాత చూసేది, కంప్యూటర్‌లో నెట్‌వర్క్‌ని అనుకరించి చూసినప్పుడు వాడిన రేడియో మోడల్. కూజా సిమ్యులేటర్‌లో ఎక్కువమంది వాడే డిఫాల్ట్ మోడల్‌లో నోడ్ చుట్టూ ఒక వృత్తం ఉంటుంది. లోపలున్నవాళ్లకు వినపడుతుంది, బయటివాళ్లకు పడదు. అలాంటి చోట లింకులు ఊగవు, పొరుగు రిపోర్టులు ఒకసారి పంపితే చాలు, కంట్రోలర్ దాదాపు ఉచితంగా పని చేస్తున్నట్టు కనిపిస్తుంది.